రంగస్థల ఛాయాచిత్రం – చరిత్రాధారం: టెలిఫోటో కటకం ఎంపికపై ఒక పరిశీలన

తెలుగు నాటకరంగ చరిత్రను రచించేవారు నాటక ప్రతులు, కరపత్రాలు, పత్రికా సమీక్షలు, నటుల స్వీయచరిత్రలతో పాటు ఛాయాచిత్రాలను కూడా ఆధారాలుగా స్వీకరిస్తారు. లిఖిత ఆధారాలను పరిశీలించినంత నిశితంగా ఛాయాచిత్రాన్ని పరిశీలించడం అరుదు. మందకాంతిలో, ప్రేక్షకుల మధ్య నుంచి తీసిన చిత్రంలో ఏది నిలవాలో, ఏది మరుగున పడాలో చాలావరకు కటకమే నిర్ణయిస్తుంది. కనుక టెలిఫోటో కటకం ఎంపిక కేవలం సాంకేతిక విషయం కాదనీ, అది ఆధార నిర్మాణానికి సంబంధించినదనీ ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చారిత్రక నేపథ్యం

1840లో జోసెఫ్ పెట్జ్‌వాల్ రూపొందించిన, సుమారు ఎఫ్ 3.6 ద్వారం గల కటకం వ్యక్తుల చిత్రణను సులభతరం చేసింది. 1891లో లండన్‌లో డాల్‌మేయర్, మ్యూనిక్‌లో స్టైన్‌హైల్, బెర్లిన్‌లో మీథె పరస్పర సంబంధం లేకుండా టెలిఫోటో కటకాలను రూపొందించారు. అవి దూరాన్ని దగ్గర చేశాయే గాని తగినంత కాంతిని గ్రహించలేకపోయాయి. సరిగ్గా ఈ కాలమే ఆధునిక తెలుగు నాటకానికి తొలిదశ. 1885లో సురభి గ్రామంలో వనారస గోవిందరావు నాయకత్వాన ‘కీచకవధ’ ప్రదర్శితమైంది. 1892లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’ రంగమెక్కింది. నాటి దీపకాంతిలో, నాటి ప్లేట్లతో, నడుస్తున్న నాటకాన్ని దూరం నుంచి చిత్రించడం దాదాపు అసాధ్యం. కాబట్టి ఆ తరం నటుల వేషధారణ చిత్రాల్లో కనిపించే నిశ్చల భంగిమను నాటి అభినయశైలికి నిదర్శనంగా గ్రహించరాదు. అది ప్రధానంగా కెమెరా కోరిన భంగిమ.

1924లో జర్మనీలో ఎర్నెమాన్ సంస్థ, లూడ్విగ్ బెర్టెలె రూపొందించిన ఎఫ్ 2 ఎర్నోస్టార్ కటకంతో ఎర్మనాక్స్ కెమెరాను తెచ్చింది. ఫ్లాష్ లేకుండా మందిరాల లోపల చిత్రాలు తీయడం దీనితో ఆచరణసాధ్యమైంది. 1936 బెర్లిన్ ఒలింపిక్ క్రీడల సందర్భంగా జైస్ సంస్థ 180 మి.మీ., ఎఫ్ 2.8 సోనార్‌ను తయారుచేసింది. దూరమూ మందకాంతీ అనే రెండు ఆటంకాలనూ ఒకే కటకం ఎదుర్కొనే మార్గం అలా ఏర్పడింది. 1954లో 35 మి.మీ. రూపంలో వచ్చిన ట్రై-ఎక్స్ ఫిల్ము ఈ మార్గాన్ని మరింత విస్తరింపజేసింది.

ద్వారం, కాలం, కదలిక

200 మి.మీ. కటకానికి ఎఫ్ 2.8 ద్వారం కావాలంటే దాని ప్రవేశద్వారపు వ్యాసం సుమారు 71 మి.మీ. ఉండాలి. ఇటువంటి కటకాల బరువుకూ వెలకూ మూలకారణం ఇదే. ఎఫ్ 5.6 కటకం తేలికైనది, చవకైనది. కాని దానికి అందేది నాలుగోవంతు కాంతి. మొదటిదానితో సెకనులో 200వ వంతు కాలంలో లభించే చిత్రానికి, రెండవదానితో 50వ వంతు కాలం పడుతుంది. ప్రకంపన నివారణ సదుపాయం ఛాయాగ్రాహకుని చేతి వణుకును సరిదిద్దగలదు. నటుని చేయి విసురును నిలపలేదు. ఫలితంగా మందగతి కటకం తనకు తెలియకుండానే నిశ్చల సన్నివేశాలను ఎన్నుకుంటుంది. పద్యనాటకంలో రాగాలాపన చేస్తూ నిలిచిన నటుడు స్పష్టంగా దక్కుతాడు. యుద్ధ ఘట్టం చెదిరిపోతుంది. అటువంటి చిత్రాలను మాత్రమే చూసిన పరిశోధకుడు పద్యనాటకంలో ఆంగికం స్వల్పమనే నిర్ణయానికి రావచ్చు.

చతుర్విధాభినయం – కటకం

ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాలలో వాచికం ఛాయాచిత్రానికి అందదు. తక్కిన మూడింటి మధ్య కటకం పక్షపాతం చూపుతుంది. 35 మి.మీ. చట్రంపై 200 మి.మీ. కటకం పది మీటర్ల దూరంలో 1.8 మీటర్ల వెడల్పును మాత్రమే చూపుతుంది, 85 మి.మీ. కటకం 4.2 మీటర్లను చూపుతుంది. మొదటిది ఎఫ్ 2.8 వద్ద దాదాపు 40 సెంటీమీటర్ల లోతునే స్పష్టంగా నిలుపుతుంది. నటుని కంటి చెమ్మ కనిపిస్తుంది. వెనుకనున్న చిత్రలిఖిత తెర మసకబారుతుంది, ఎదుటి పాత్ర చట్రం వెలుపల ఉండిపోతుంది. అంటే సాత్త్వికం దక్కినచోట ఆహార్యంలోని రంగాలంకరణ, పాత్రల పరస్పర స్థానాలు లోపిస్తాయి. తెరలూ యంత్రచమత్కారాలూ ప్రాణంగా గల సురభి ప్రదర్శనల విషయంలో ఇది చిన్న లోపం కాదు.

ముగింపు

ప్రదర్శనను భద్రపరచడమే లక్ష్యమైనప్పుడు ఎక్కువ దూరాన్ని అందుకునే కటకమే ఉత్తమమైనదన్న భావన సరికాదు. రంగస్థలం మొత్తాన్ని చూపడానికి 50 లేదా 85 మి.మీ. కటకం, ముఖాభినయానికి 70–200 మి.మీ., ఎఫ్ 2.8 కటకం – ఈ రెండూ ఉండటం మేలు. ఒక్కటే సాధ్యమైతే 85 మి.మీ., ఎఫ్ 1.8 కటకానికి ప్రాధాన్యమివ్వాలి; సన్నివేశ నిర్మాణాన్ని వదలకుండానే అది తక్కువ కాంతిలో పనిచేయగలదు. ప్రతి చిత్రానికీ నాటకం, ఘట్టం, తేదీలతో పాటు కటకం, ద్వారం, కాలం, కెమెరా ఉన్న స్థానం కూడా నమోదు కావాలి. తాళపత్ర ప్రతిని పరిష్కరించేవారు లేఖకుని అలవాట్లను గుర్తించినట్లే, రంగస్థల చిత్రాన్ని చదివేవారు కటకపు అలవాట్లను గుర్తించవలసి ఉంది. ఆ వివరాలు లేని చిత్రం రేపటి చరిత్రకారునికి నటుని ముఖాన్ని అందించగలదేమో గాని నాటకాన్ని అందించలేదు.