బీదరు తెలుగిండ్లలో అంగరాగములు

బీదరు పట్టణము సముద్రమట్టమునకు రమారమి 2,300 అడుగుల ఎత్తున, ఎఱ్ఱని జేగురునేలపై నెలకొనియున్నది. కార్తికము వెళ్ళి మార్గశిరము ప్రవేశించినది మొదలు ఇచ్చటి గాలియందు తడి యుండదు. పెదవులు చిట్లును, చెక్కిళ్ళు బిరుసెక్కును, మడమలు బీటలు వాఱును. కోస్తా జిల్లాలనుండి ఉద్యోగరీత్యా వచ్చిన తెలుగువారు మొదటి చలికాలముననే ఈ సంగతి గ్రహింతురు. తరతరములుగా ఇచ్చట కాపురమున్న మన కుటుంబములకిది కొత్త గాదు. ఆ పగుళ్ళు మాన్పుకొనుటకు మన ఇండ్లలోని స్త్రీలు కాచిన నూనెలు, కడిగిన నేతులు, దంచిన పిండులు మాత్రము ఏ చరిత్రగ్రంథమునకును ఎక్కలేదు. కోటను గూర్చియు, మహమూద్ గవాను 1472లో పూర్తిచేయించిన మదరసాను గూర్చియు, బిద్రీపనిని గూర్చియు వ్రాసిన పండితులు గలరు. వంటింటి గట్టుమీది గిన్నెను గూర్చి వ్రాసినవారు లేరు. మేము పండితులము గాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, దఫ్తరులో గుమాస్తాగిరి చేసి విరమించినవారము. అయినను మాకు తెలిసినంత వ్రాయ సాహసించుచున్నాము.

ఈ విద్యకు మూలము వెదుకబోయిన మనము దూరము పోనక్కఱలేదు. మన జిల్లాలోని బసవకల్యాణమే పూర్వము చాళుక్యుల రాజధానియైన కల్యాణపురము. అచ్చట 12వ శతాబ్దమున రాజ్యమేలిన మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతమున సంస్కృతమున ‘మానసోల్లాసము’ అను ఉద్గ్రంథము రచించెను. ‘అభిలషితార్థ చింతామణి’ యని దానికి మఱియొక పేరు. నూఱు అధ్యాయముల ఆ గ్రంథమున రాజనీతి, వైద్యము, పాకశాస్త్రము, సంగీతము మొదలగు విషయములన్నియు గలవు. అందు స్నానభోగమనియు, విలేపనభోగమనియు వేర్వేఱుగ ప్రకరణములున్నవి. పువ్వుల పరిమళము పట్టించిన నూనెతో అభ్యంగము, పిదప సుగంధద్రవ్యముల పిండితో నలుగు, స్నానానంతరము ఋతువునుబట్టి మార్చుకొనవలసిన లేపనములు ఇందు వర్ణితములు. రాజు దానిని భోగమని వ్రాసికొనెను. మన తల్లులు అదే పనిని పండుగనాటి చాకిరి యనిరి. వస్తువులు మాత్రము పెక్కు ఒకటే.

వైద్యగ్రంథములు ఇంతకన్న ప్రాచీనములు. చరకుడు నూనె పట్టించిన శరీరమును నూనె పీల్చిన కుండతోను, తోలుతోను, బండి ఇరుసుతోను పోల్చెను. వాగ్భటుడు అభ్యంగమును నిత్యవిధిగా చెప్పి, శిరస్సునకు, చెవులకు, పాదములకు విశేషముగ చేయుమనెను. మడమల పగుళ్ళు ఆయన కాలమునను ఉండెనని మేము ఊహించుచున్నాము.

బహమనీ సుల్తాను అహ్మద్ షా 15వ శతాబ్దమున గుల్బర్గానుండి రాజధానిని బీదరునకు మార్చిన పిదప పారసీకమునుండి విద్వాంసులు, వర్తకులు, హకీములు ఇచ్చటికి వచ్చిరి. వారి యునానీ వైద్యమున ‘కైరూతీ’ యను పూత గలదు. తేనెమైనమును నూనెలో కరగించి చేయుదురు. ఆ పేరు అరబ్బీ పేరువలె వినబడినను, మైనమునకు గ్రీకులు వాడిన మాటనుండియే పుట్టినది. రోమునగరమున 2వ శతాబ్దమున వైద్యము చేసిన గాలెను అను గ్రీకు వైద్యుడు మైనమును, ఓలివునూనెను, గులాబినీటిని కలిపి చేసిన పూతయే నేటి కోల్డ్‌క్రీమునకు ఆదియని చెప్పుదురు. నువ్వులనూనెయు మైనమును కలిసిన ‘సిక్థతైలము’ ఆయుర్వేదమునను గలదు. ఎవరు ఎవరివద్ద నేర్చిరో తేల్చు పని మాది కాదు. మైనము, నూనె దొరకిన ప్రతిదేశమునను చలికాలమున ఎవరో ఒక ఇల్లాలికి ఈ ఆలోచన తోచియుండునని మాత్రము అనిపించును. 1619లో బీదరు బిజాపురమువారి వశమైనది. ఆ బిజాపురపు ఇబ్రహీం ఆదిల్ షాకై పరిమళద్రవ్యములను గూర్చి ‘ఇత్ర్-ఎ-నౌరస్ షాహీ’ యను పారసీక గ్రంథమే వ్రాయబడినది. కోటలోని షాహీ హమ్మాము చూచినవారికి ఆనాటి స్నానవైభవము కొంత స్ఫురింపగలదు.

మన బిద్రీ పనివారి సంగతి ఒకటి ఇచ్చట చెప్పవలెను. జస్తు, రాగి కలిపి పోసిన పాత్రపై వెండి పొదిగి, కోటమట్టియు నవాసాగరమును కలిపిన నీట కాచి నలుపెక్కించిన పిమ్మట, ఆ నలుపు నిగ్గుదేలుటకు నూనెతో రుద్దుదురు. చరకుడు చెప్పిన ఇరుసు సామ్యమునకు మన ఊరి ఉదాహరణము ఇంతకన్న వేఱేమి కావలెను?

ఇక మా ఇంటి మాట. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు హైదరాబాదు సంస్థానపు బీదరు జిల్లా మూడు ముక్కలయ్యెను. నారాయణఖేడ్ తాలూకా, నిర్ణా సర్కిలు మినహా జహీరాబాదు తాలూకా, బీదరు తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిలు ఆంధ్రప్రదేశమున కలిసెను. ఉద్గీరు, నీలంగా, అహ్మద్‌పూర్ తాలూకాలు మరాఠీ ప్రాంతమునకు పోయెను. మిగిలినది మైసూరు రాష్ట్రమునకు వచ్చెను. 1973లో ఆ రాష్ట్రమునకు కర్ణాటకమని పేరు మార్చిరి. మా తల్లిగారి పుట్టినిల్లు న్యాల్‌కల్ వైపు. ఒక దినమున బండి కట్టుకొని పోయి వచ్చు పుట్టిల్లు ఆమెకు వేఱు రాష్ట్రమైపోయినది. అయినను ప్రతి దీపావళికి ముందు అచ్చటినుండి మా అమ్మమ్మ గుడ్డసంచిలో సున్నిపిండి పంపుచునే యుండెను. సరిహద్దు నాకాలో ఎవరును ఆ సంచిని విప్పి చూడలేదు.

మా వీథిలో ఆ పండుగకు నాలుగు భాషలలో నలుగు కలుపుచుండిరి. మేము నలుగు అనుచుంటిమి. ఎదురింటి మరాఠీవారు ఉటణే యనుచుండిరి. కన్నడమువారు పెండ్లింట అరిశిణ మనుచుండిరి. మూలయింటి ముస్లిములు పెండ్లికూతునకు పూయుదానిని చిక్సా యనుచుండిరి. ఒకరి రోలు ఒకరు ఎరువు తెచ్చుకొనుట సామాన్యము. మా తల్లిగారి పిండిలో గులాబిరేకులు చేరినది ఆ మూలయింటినుండియే యని ఆమెయే చెప్పెడిది.

ఆమె చేయు విధానము మాకు కన్నులకు కట్టినట్లున్నది. శనగపప్పు, పెసలు ఎండబెట్టి దోరగ వేయించి, కచ్చూరాలు, తుంగగడ్డలు, వట్టివేళ్ళు, కస్తూరిపసుపు, ఎండిన నారింజతొక్కలు చేర్చి రోట దంచి, పలుచని గుడ్డలో జల్లెడపట్టెడిది. మొరుమును కాళ్ళకు, మెత్తనిదానిని మొగమునకు వేఱు చేసెడిది. చంటిపిల్లలకు పసుపు తగ్గించెడిది. పిండిని నీళ్ళతో గాక మీగడతో కలిపెడిది. ముందు నూనె, పిదప పిండి. ఈ క్రమము తప్పిన ఊరకొనెడిది కాదు. నూనె చర్మమున ఇంకిన పిమ్మట పిండి పైజిడ్డును, మురికిని మాత్రము తీయును. లోపలి మెత్తదనము మిగులును. సబ్బు ఈ రెంటిని వేఱుచేయజాలదు. సబ్బుది క్షారగుణము, ఆరోగ్యవంతమైన చర్మముది స్వల్పమైన ఆమ్లగుణము. అందుచేతనే చలికాలమున సబ్బు స్నానానంతరము ఒళ్ళు తెల్లగ గీతలు పడును. ఇది మేము పిదప తెలిసికొన్న సంగతి. ఆమెకు తెలిసినది గీతలు పడునని మాత్రమే.

నూనె గానుగ నూనె. ఆ రోజులలో ఎద్దు త్రిప్పు కొయ్యగానుగలు ఊరిలో నుండెను. నువ్వులు, కుసుమలు మనమే తీసికొనిపోయి ఆడించుకొనవలెను. తెలకపిండి గేదెకు. ఒళ్ళంటుటకు నువ్వులనూనె, వంటకు కుసుమనూనె, మడమలకు ఆముదము. 1969 తరువాత పొద్దుతిరుగుడు సాగు వ్యాపించి దాని నూనె వంటింట ప్రవేశించినది. మా తల్లిగారు దానిని నమ్మలేదు. అందు ఆమె పొరబడెనని ఇప్పుడు ఒప్పుకొనవలెను. ఢాకాలో నెలలు నిండని శిశువులకు ఆ నూనె పూసినప్పుడు అంటురోగములు తగ్గినట్లు 2005లో లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటితమైనది.

అన్నిటికంటె శ్రమయైనది నేతిపూత. వైద్యులు దీనిని శతధౌతఘృత మందురు. వెడల్పాటి రాగిపళ్ళెములో పావుసేరు ఆవునేయి వేసి, చన్నీళ్ళు పోసి అరచేతితో మెదుపవలెను. నీళ్ళు వంపి మరల పోయవలెను. నూఱు మాఱులు. ఇరువది మాఱులకు పసుపురంగు పోవును, ఏబదికి నేతివాసన తగ్గును, చివరకు వెన్నకంటె తెల్లగ, నురుగువలె తేలికగ అగును. మా అక్కయు మేమును వంతులవారీగా లెక్కపెట్టెడివారము. మేము గుమాస్తాలమగుటకు అదియే తొలిపాఠమేమో! కాలిన గాయమునకు, ఎండకు కమిలిన మొగమునకు, చీలిన పెదవికి ఆ పూత వాడుదురు. తినుటకు పనికిరాదు.

ఈలోగా అంగడిసీసాలు వచ్చెను. అమెరికాలో చీస్‌బ్రో అను నతడు భూతైలమునుండి తీసిన వాజిలైనునకు 1872లో పేటెంటు పొందెను. మైసూరు ప్రభుత్వము 1916లో చందనపు సబ్బు పరిశ్రమకు పునాది వేసెను. బొంబాయిలో 1919లో ఆఫ్ఘన్ స్నో పుట్టెను. వీటిని మేము నిందింపము. వాజిలైను చర్మములోని నీటిని ఆవిరి కానీయక ఆపుటలో మన నేతికంటె గట్టిది. అయితే తెల్లబరచునను పూతల విషయము వేఱు. మా బంధువులలో ఒక బాలిక పెండ్లిచూపులకు ముందు అట్టిదొకటి మూడునెలలు పూసికొని, మొగమెల్ల ఎఱ్ఱబాఱి, ఎండలోనికి రాలేని స్థితికి వచ్చెను. అందు స్టెరాయిడు మందు కలిసియున్నదని వైద్యుడు చెప్పెను. ఇందు మన పెద్దల తప్పును గలదు. నలుగు పెట్టుచు, ‘రంగు దేలును’ అని ప్రతి ఆడపిల్ల చెవిలోను వేసినవారు మనవారే. పిండికి రంగు మార్చు శక్తి లేదు. మెత్తన చేయగలదు, అంతియే. ఆ బాలిక కోలుకొనుటకు ఏడాది పట్టెను. పెండ్లిచూపులకు వచ్చినవారు మఱి రాలేదు.

ఉద్యోగము విరమించిన తరువాత వచ్చిన మొదటి మార్గశిరమున మేమొక సాహసము చేసితిమి. మా తల్లిగారి మైనపుపూతను మా మనుమరాలికి చేసి ఇయ్య తలచితిమి. ముప్పదియైదేండ్లు పరుల లెక్కలు వ్రాసితిమి గాని మా తల్లి కొలతలు ఒక్కనాడును వ్రాసియుంచలేదు. ఆమె పోయి చాలకాలమైనది. తోచినట్లు మైనము కరగించి, నూనె కలిపి, సువాసనకై గులాబినీరు పోసి సీసాకెత్తితిమి. నెల తిరుగకముందే మూతక్రింద సన్నని బూజు పట్టెను. మా చూపునకు అది ఆనలేదు. పూసిన మఱునాడు పిల్ల చెక్కిళ్ళు దద్దుర్లెక్కెను. వైద్యుడు మమ్ము గట్టిగా మందలించెను. ఆ రాత్రి మాకొక మాట జ్ఞప్తికి వచ్చెను. “నీళ్ళు తగలనీయకు బిడ్డా, బూజొస్తది” అని మా తల్లి సీసా కడిగి ఎండలో బోర్లించునపుడెల్ల అనెడిది. వినియుంటిమి, కాని కొలతగ లెక్కింపమైతిమి.

అప్పటినుండి ఊరిలోని తెలుగిండ్ల వృద్ధురాండ్రకడకు పోయి అడుగ మొదలిడితిమి. ఒక్కొక్క యింట ఒక్కొక్క లెక్క. ఒకరు సేరు శనగపప్పునకు అరసేరు పెసలనిరి, మఱియొకరు పెసలే చాలుననిరి. కొందరు “గుప్పెడు” అనిరి. ఎవరి గుప్పెడని అడిగితే నవ్విరి. బావంచాల విషయమున మాత్రము ఒక పెద్దమ్మ, పొలమునకు పోవు ఆడువారి పిండిలో అవి వేయరాదని ఖండితముగ చెప్పెను. కారణము ఆమె యెఱుగదు. బావంచాలలో సోరాలెను అను పదార్థము గలదనియు, అది తగిలిన చర్మము ఎండకు కాలి బొబ్బలెక్కుననియు, ఆ గుణముచేతనే బొల్లికి వైద్యులు వాడుదురనియు నేటి శాస్త్రము చెప్పుచున్నది. కాబట్టి మేము దానిని మా పట్టీనుండి తీసివేసితిమి. నిమ్మరసము మొగమునకు పూయుటయు మానవలెను. ఏ పూతనైనను ముందు మోచేతి మడతలో కొంచెము పూసి ఒక దినము చూచుట మేలు.

మైనపుపూతకు తేలిన కొలత యిది. తేనెమైనము 1 తులము, గానుగ నువ్వులనూనె 6 తులములు. మండువేసవిలోనైన నూనె 5 తులములు చాలును. మైనమును నిప్పుమీద నేరుగ పెట్టక, వేడినీళ్ళ గిన్నెలో మఱియొక గిన్నె నుంచి కరగించి, నూనె చేర్చి, దింపి, చల్లాఱువఱకు కలియబెట్టవలెను. పొడి సీసా, పొడి చేయి. చుక్క నీరు కూడదు. స్నానముచేసి ఒళ్ళు కొంచెము తడిగ నుండగనే పూసికొనిన ఆ తడి లోపల నిలుచును.

సరకులకు గంజిలోని పన్సారీ దుకాణమునకు మా మనుమరాలిని వెంటబెట్టుకొని పోయితిమి. ఆమె కన్నడ బడిలో చదువుచున్నది. తెలుగు మాటలాడును గాని చదువనేరదు. మేము చెప్పుచుండ ఆమె తన నోటుపుస్తకమున తెలుగు మాటలను కన్నడ అక్షరములతో వ్రాసికొన్నది. కచ్చూరాలు, తుంగగడ్డలు, వట్టివేళ్ళు, మైనము ఒక తులము, నూనె ఆఱు. ‘వట్టివేళ్ళు’ అను మాటలో ఒక ఒత్తు తప్పిపోయినది. దిద్ది యిచ్చితిమి. తులమెంతయని ఆమె అడిగెను. పదకొండున్నర గ్రాములకు మించి కొంచెమని చెప్పగా అదియు ప్రక్కన వేసికొన్నది.