ఆసన చీలిక: చికిత్స చరిత్ర

మలద్వారపు అంచున ఉండే సున్నితమైన పొర చిట్లి ఏర్పడే పుండును ఆసన చీలిక లేదా ఫిషర్ అంటారు. గట్టిపడిన మలం ఒరుసుకోవడం దీనికి ప్రధాన కారణం. ఆగని విరేచనాల వల్ల, కాన్పు వల్ల కూడా రావచ్చు. పుండు చిన్నదే అయినా బాధ పెద్దది. మలవిసర్జన వేళ కోసినట్టు మొదలైన నొప్పి గంటల తరబడి వదలదు. నెత్తురు కనబడగానే మూలశంక అనుకొని, సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేక నెలల తరబడి ఓర్చుకునేవారు తెలుగునాట ఎందరో ఉన్నారు.

సుశ్రుత సంహిత ఇలాంటి బాధనే పరికర్తిక పేరుతో వర్ణించింది. విరేచన ఔషధం వికటించినప్పుడు కలిగే ఉపద్రవాల్లో దాన్ని చేర్చింది. అతిమధురం, నువ్వులు, తేనె, నెయ్యి వంటి చల్లబరిచే ద్రవ్యాలతో వస్తి (ఎనిమా) చికిత్స చెప్పింది.

మలద్వారాన్ని మూసి ఉంచే కండరం బిగుసుకుపోవడమే చీలికను మానకుండా చేస్తోందని 19వ శతాబ్ది తొలినాళ్లలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు అలెక్సీ బోయే గుర్తించి, ఆ కండరాన్ని కోశాడు. ఆయన దేశస్థుడే అయిన రెకామియే వేళ్లతో సాగదీసే పద్ధతి తెచ్చాడు. అది నూరేళ్లకు పైగా వాడుకలో కొనసాగింది. కండరం ఎంత చిరుగుతుందో వైద్యుడి అదుపులో లేని ఆ పద్ధతి వల్ల కొందరు మలం మీద పట్టు కోల్పోయారు. 1951లో దక్షిణాఫ్రికాకు చెందిన ఐసెన్‌హామర్ కోయవలసింది లోపలి కండరాన్నని చూపాడు. మొదట వెనకవైపు కోసేవారు. ఆ కోత గాడిలా మిగిలి మలం అంటుతుండటంతో తర్వాత పక్కవైపు కోయసాగారు. 1969లో నోటరాస్ చర్మం కిందుగా కోసే సులువైన విధానాన్ని ప్రకటించాడు.

చీలిక ఎక్కువగా వెనకవైపు నడిమధ్యనే ఎందుకు వస్తుందన్నదానికి 1989లో ఒక ఆధారం దొరికింది. మృతదేహాల్లో రక్తనాళాలను పరిశీలిస్తే, చాలామందిలో అక్కడికి రక్తసరఫరా తక్కువగా ఉంది. కండరం బిగిస్తే ఉన్న కాస్త రక్తమూ అందదు, పుండు మానదు. నొప్పికి కండరం మరింత బిగుస్తుంది. ఇది అర్థమయ్యాక, కోయకుండానే కండరాన్ని తాత్కాలికంగా వదులు చేయడంపై పరిశోధన సాగింది. గుండెనొప్పికి వాడే గ్లిసరిల్ ట్రైనైట్రేట్‌ను లేపనంగా 80 మందిపై పరీక్షించిన ఫలితాలు 1997లో లాన్సెట్‌లో వచ్చాయి. 8 వారాల్లో మందు రాసుకున్నవారిలో 68 శాతం మందికి, ఉత్త లేపనం రాసుకున్నవారిలో 8 శాతం మందికి నయమైంది. తలనొప్పి దీని లోపం. అందుకే డిల్టియాజెమ్ లేపనం వైపు పలువురు మొగ్గారు. బొటులినమ్ సూదిమందూ వచ్చింది.

వీటన్నిటికన్నా రోగులకు ముందుగా తెలియవలసింది 1986లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన డెన్మార్క్ అధ్యయనం. తొలిసారి చీలిక వచ్చిన 103 మందిని మూడు గుంపులు చేశారు. మూడు వారాలకు మత్తు లేపనంతో 60 శాతం, హైడ్రోకార్టిసోన్‌తో 82 శాతం మంది కోలుకోగా, గోధుమ పొట్టు తిని గోరువెచ్చని నీళ్లలో కూర్చున్నవారిలో 87 శాతం మందికి మానింది. ఈనాటికీ తొలి సలహా అదే: పీచు, నీళ్లు, అవసరమైతే ఇసబ్‌గోల్, వెచ్చని నీళ్ల తొట్టి, ముక్కకపోవడం. ఆరు నుంచి ఎనిమిది వారాలు దాటితే దీర్ఘకాలికంగా లెక్కించి లేపనాలు, అవీ పనిచేయకపోతే శస్త్రచికిత్స చేస్తారు. పుండు నడిమధ్యన కాక పక్కన ఉంటే పేగుల్లో వాపు తెచ్చే క్రోన్స్ వ్యాధి, క్షయ వంటివి ఉన్నాయేమో పరీక్షిస్తారు.