అప్పు తీరినా వదలని పేరు

పోయిన నెల మా పాత కారు అమ్మకానికి పెట్టాం. ఒకాయన వచ్చి చూశాడు, బేరం కుదిరింది. ఆర్‌సీ చేతికిస్తే ఒక్క లైను చదివి వెనక్కిచ్చేశాడు. ఆఖరి వాయిదా కట్టి నాలుగేళ్లయినా, అప్పిచ్చిన కంపెనీ పేరు అందులో అలాగే ఉంది! "అంతా కట్టేశామండీ" అంటే "కాగితం అలా అనడం లేదమ్మా" అన్నాడు.

మా అమ్మమ్మ కాలంలో ఈ తికమక లేదు. సేద్యానికి డబ్బు కావాలంటే గాజులు తాకట్టు పెట్టేది. గాజులు షావుకారు ఇనప్పెట్టెలో ఉంటే ఆవిడ చేతులు బోసిగా ఉండేవి. అప్పు తీరిన రోజు గాజులు చేతికొచ్చేవి. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో తాకట్టంటే ఇదే, వస్తువు అప్పిచ్చినవాళ్ల చేతికి వెళ్లాలి.

లారీని అలా షావుకారు దొడ్లో కట్టేస్తే ఎలా? తిరిగితేనే కదా దాని అప్పు తీరేది! అందుకే మన దేశంలో చాలాకాలం హైర్ పర్చేజ్ నడిచింది. బండి కంపెనీది, మనం అద్దె కట్టి నడుపుకునేవాళ్లం, చివరి వాయిదాతో అది మనదయ్యేది. 1954లో మద్రాసులో మొదలైన సుందరం ఫైనాన్స్ లాంటి సంస్థలు లారీలవాళ్లకు ఇలాగే ఇచ్చేవి. దీనికోసం 1972లో చేసిన చట్టాన్ని అమల్లోకి తేకుండానే 2005లో రద్దు చేశారు.

ఇప్పుడు ఎక్కువగా ఉన్నది హైపోథికేషన్. ఇది గ్రీకు నుంచి వచ్చిన మాట. పాత ఏథెన్సులో అప్పున్న పొలంలో ఆ సంగతి చెక్కిన రాయి పాతేవారు. రైతు తన పొలం తను దున్నుకుంటాడు, కొనొచ్చినవాళ్లకు మాత్రం రాయి విషయం చెబుతుంది. ఆర్‌సీలోని ఆ లైను అలాంటి రాయే. బండి మన పేరుమీదే, మన వాకిట్లోనే ఉంటుంది. కానీ 1988 మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్ ప్రకారం, ఆ పేరున్నంతకాలం అప్పిచ్చినవాళ్ల రాతపూర్వక అనుమతి లేనిదే బండి ఇంకొకరి పేరుకు మారదు. వాయిదాలు ఆగితే వాళ్లు బండి తీసుకెళ్లొచ్చు. అయితే రౌడీలను పంపి లాక్కోవడం కుదరదని 2007లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది.

ఆ రాయి దానంతటది లేచిపోదు. కంపెనీ నుంచి ఎన్‌ఓసీ తీసుకోవాలి. ఫారం 35 మీద వాళ్ల సంతకం, మన సంతకం ఉండాలి. అవి ఆర్‌టీఓ ఆఫీసులో ఇచ్చి పేరు తీయించాలి. ఇన్సూరెన్సు పాలసీలోనూ తీయించుకోవాలి, లేకపోతే రేపు బండి దొంగలపాలైతే క్లెయిముకు మళ్లీ వాళ్ల కాగితమే అడుగుతారు.

మా ఎన్‌ఓసీ కరెంటు బిల్లుల మధ్య దొరికింది. గడువు దాటిందని కొత్తది తెమ్మన్నారు, మూడుసార్లు తిరిగాం. అయినా మావారు సంతకం పెట్టడానికి ఉన్నారు. మా వీధిలో ఒకావిడకు ఆ వీలూ లేకపోయింది. ఎప్పుడో అప్పు తీరిన స్కూటరు కోసం, భర్త పోయిన దుఃఖంలో మరణ ధ్రువపత్రం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది.

బీరువాలో నగలెన్ని ఉన్నాయో మనకు లెక్క తెలుసు. ఈ రోజు వంటయ్యాక ఆర్‌సీ కూడా తీసి ఆ లైను ఒకసారి చదవండి.