విండోస్ నవీకరణ సమస్యలు

మైక్రోసాఫ్ట్ సంస్థ రూపొందించిన విండోస్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో పనిచేసే కంప్యూటరు తనకు రావలసిన నవీకరణలను, అనగా అప్‌డేట్లను, ఇంటర్నెట్ నుండి దించుకోలేకపోవడాన్ని లేదా దించుకున్నవాటిని స్థాపించుకోలేకపోవడాన్ని విండోస్ నవీకరణ సమస్య అంటారు. ఇది ఒకే లోపం కాదు. గడియారం తప్పుగా ఉండడం మొదలుకొని వైరస్ సోకడం వరకు అనేక కారణాల వలన ఇదే లక్షణం కనిపిస్తుంది. కావున మరమ్మతుకు పూనుకొనే ముందు నవీకరణ ఏ దశలో ఆగినదో గుర్తించడం అవసరం. చాలా సందర్భాలలో ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదటి నుండి తిరిగి స్థాపించవలసిన పని లేకుండానే దీనిని సరిచేయవచ్చు.

చరిత్ర

విండోస్ 98తో పాటు 1998లో నవీకరణల వెబ్‌సైటుకు దారితీసే లంకె స్టార్ట్ మెనూలో చేరింది. అప్పట్లో వినియోగదారుడే ఆ సైటుకు వెళ్ళి కావలసినవి ఎంచుకోవలసి వచ్చేది. 2000లో వచ్చిన విండోస్ మిలీనియం ఎడిషన్‌లో స్వయంచాలక నవీకరణ ప్రవేశపెట్టబడింది. 2003 అక్టోబరు నుండి భద్రతా నవీకరణలను ప్రతి నెలా రెండవ మంగళవారం విడుదల చేసే పద్ధతి మొదలైంది. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం పది గంటలకు ఇవి విడుదలవుతాయి. అప్పటికి భారతదేశంలో మంగళవారం రాత్రి పొద్దుపోతుంది కనుక ఇక్కడి కంప్యూటర్లకు ఇవి ఎక్కువగా బుధవారం నాడు చేరుతుంటాయి.

విండోస్ విస్టా నుండి నవీకరణ కోసం బ్రౌజరుతో పని లేకుండా పోయింది. 2015లో విడుదలైన విండోస్ 10లో నెలవారీ నవీకరణలు సంచిత రూపంలో రాసాగాయి. అనగా ఈ నెల నవీకరణలోనే గత నెలల సవరణలు కూడా కలిసి ఉంటాయి. కొన్ని నెలలు తప్పిపోయిన కంప్యూటరుకు ఒక్కొక్కటిగా పాతవన్నీ వెతకనవసరం లేదు.

ప్రాముఖ్యత

నవీకరణ ఆగిపోయిన కంప్యూటరు పైకి మామూలుగానే పనిచేస్తుంది. అందువలన చాలామంది దీనిని పట్టించుకోరు. దీని పర్యవసానం 2017లో ప్రపంచానికి తెలిసివచ్చింది. ఫైళ్ళను పంచుకొనే పాత పద్ధతిలోని ఒక భద్రతా లోపాన్ని సరిచేస్తూ మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న నవీకరణ విడుదల చేసింది. సరిగ్గా రెండు నెలలు తిరగకముందే, మే 12న వాన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము అదే లోపం గుండా వ్యాపించి, ఫైళ్ళకు తాళం వేసి సొమ్ము అడగడం మొదలుపెట్టింది. సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రులలో శస్త్రచికిత్సలు వాయిదా పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి.

దెబ్బతిన్నవాటిలో అత్యధికం విండోస్ 7 కంప్యూటర్లే. వాటికి మందు అప్పటికే సిద్ధంగా ఉంది, అది వాటికి చేరలేదు. అప్పటికే మద్దతు ముగిసిన విండోస్ ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ మరునాడు ప్రత్యేకంగా నవీకరణ విడుదల చేయవలసి వచ్చింది.

పనిచేసే విధానం

నవీకరణ ఈ క్రింది దశలలో జరుగుతుంది.

1. అన్వేషణ: కంప్యూటరులోని నవీకరణ సర్వీసు మైక్రోసాఫ్ట్ సర్వరును సంప్రదించి, తన వద్ద లేనివి ఏవో పోల్చి చూసుకుంటుంది.
2. దిగుమతి: అవసరమైన ఫైళ్ళు దిగుతాయి. ఎక్స్‌పీ కాలం నుండి ఈ పనిని బిట్స్ అనే సర్వీసు చేసేది. ఇతర పనులకు అడ్డు రాకుండా మిగులు వేగాన్ని మాత్రమే వాడుకోవడం, మధ్యలో ఆగితే ఆగిన చోటి నుండే కొనసాగించడం దాని ప్రత్యేకత. విండోస్ 10 నుండి డెలివరీ ఆప్టిమైజేషన్ అనే సర్వీసు ఈ పనిలో ప్రధాన పాత్ర వహిస్తున్నది.
3. సరిచూత: దిగిన ఫైలు మైక్రోసాఫ్ట్ పంపినదేనా, మార్గమధ్యంలో మారిందా అని దాని డిజిటల్ సంతకాన్ని క్రిప్టోగ్రాఫిక్ సర్వీసు పరిశీలిస్తుంది.
4. స్థాపన: ఫైళ్ళు విండోస్ అంగాల భాండారంలో చేరతాయి.
5. పునఃప్రారంభం: వాడుకలో ఉన్న ఫైళ్ళను మార్చడానికి కంప్యూటరును ఆపి మళ్ళీ ప్రారంభించవలసి ఉంటుంది.

దించుకున్న ఫైళ్ళు విండోస్ ఫోల్డరులోని సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డరులో నిలువ ఉంటాయి. ఈ నిలువ చెడిపోవడం దిగుమతి సమస్యలకు తరచుగా కనిపించే కారణాలలో ఒకటి.

మద్దతు గడువు

అన్నింటికన్నా ముందు చూడవలసినది, ఆ విండోస్‌కు నవీకరణలు ఇంకా విడుదలవుతున్నాయా అన్నది. సాధారణ వినియోగదారులకు మద్దతు ముగిసిన తేదీలు ఇవి:

* విండోస్ ఎక్స్‌పీ - 2014 ఏప్రిల్ 8
* విండోస్ విస్టా - 2017 ఏప్రిల్ 11
* విండోస్ 7 - 2020 జనవరి 14
* విండోస్ 8.1 - 2023 జనవరి 10
* విండోస్ 10 - 2025 అక్టోబరు 14

విండోస్ 10 వాడేవారి కోసం 2025లో ఒక సంవత్సరపు పొడిగింపు పథకం ప్రవేశపెట్టారు. దానిలో నమోదు చేసుకున్న కంప్యూటర్లకే ఆ భద్రతా నవీకరణలు వర్తిస్తాయి. విండోస్ 11లో కూడా హోమ్, ప్రో రకాలలో ఒక్కొక్క వెర్షనుకు 24 నెలలు మాత్రమే మద్దతు ఉంటుంది. విండోస్ 11కు టి.పి.ఎమ్. 2.0 అనే భద్రతా చిప్పు, 4 జీబీ మెమరీ, 64 జీబీ డిస్కు కనీస అవసరాలు. ఇవి లేని పాత కంప్యూటరుకు విండోస్ 11 రాకపోవడం లోపం కాదు.

విండోస్ 7ను కొత్తగా స్థాపించినప్పుడు మరొక చిక్కు ఎదురవుతుంది. నవీకరణల డిజిటల్ సంతకాలకు మైక్రోసాఫ్ట్ 2019లో ఎస్‌హెచ్‌ఎ-2 అనే బలమైన పద్ధతిని తప్పనిసరి చేసింది. పాత సీడీలోని విండోస్ 7కు ఆ సంతకాన్ని చదవడం తెలియదు. ఆ నేర్పునిచ్చే 2019 నాటి నవీకరణలను ముందుగా విడిగా దించి స్థాపిస్తే తప్ప పాత నవీకరణలు కూడా రావు.

సాధారణ కారణాలు

తేదీ, సమయం: సర్వరు గుర్తింపును తెలిపే ధ్రువపత్రానికి ఆరంభ తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. కంప్యూటరు గడియారం కొన్నేళ్ళు వెనుకబడి ఉంటే, సరైన ధ్రువపత్రం కూడా దానికి చెల్లనిదిగా కనబడుతుంది. పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లలో మదర్‌బోర్డుపై ఉండే నాణెం ఆకారపు బ్యాటరీ అయిపోయినపుడు, కరెంటు తీసిన ప్రతిసారీ గడియారం పాత తేదీకి వెళ్ళిపోతుంది. ఎక్కువగా వాడే సి.ఆర్. 2032 రకం 3 వోల్టుల బ్యాటరీ మార్చడంతో ఈ సమస్య తీరుతుంది.

డిస్కులో చోటు లేకపోవడం: దించుకోవడానికే కాక, ఫైళ్ళను విప్పడానికీ పాతవాటిని భద్రపరచడానికీ ఖాళీ కావాలి. 32 జీబీ నిలువతో అమ్ముడుపోయిన చవక ల్యాప్‌టాప్‌లలో ఇది సర్వసాధారణం.

పరిమిత కనెక్షన్ అమరిక: మొబైల్ ఫోను హాట్‌స్పాట్ ద్వారా ఇంటర్నెట్ వాడేవారు డేటా ఆదా కోసం కనెక్షనును మీటర్డ్‌గా గుర్తుపెడతారు. అప్పుడు విండోస్ చాలా నవీకరణలను తనంతట దించదు. ఇది లోపం కాదు, అడిగిన పనే చేస్తున్నది.

నవీకరణను ఆపి ఉంచడం: నవీకరణలను కొన్ని వారాలు వాయిదా వేసే మీట సెట్టింగ్స్‌లో ఉంటుంది. కార్యాలయాలు, కళాశాలల కంప్యూటర్లలో సంస్థ సర్వరే నవీకరణలను నియంత్రించవచ్చు. అక్కడ వినియోగదారుడు చేయగలిగినది తక్కువ, నిర్వాహకునికి తెలపాలి.

రక్షణ ప్రోగ్రాములు: 2018 జనవరిలో ప్రాసెసర్లలోని మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలకు సవరణలు వచ్చినపుడు, వాటితో పొసగని యాంటీవైరస్ ప్రోగ్రాములు కంప్యూటర్లను ఆపివేశాయి. అందువలన యాంటీవైరస్ తాను అనుకూలమని గుర్తు పెట్టిన కంప్యూటర్లకే మైక్రోసాఫ్ట్ కొంతకాలం నవీకరణలు పంపింది.

వైరస్: 2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ అనే పురుగు, తాను సోకిన కంప్యూటరులో నవీకరణ సర్వీసును, బిట్స్‌ను నిలిపివేసి, భద్రతా సంస్థల సైట్లు తెరుచుకోకుండా చేసేది. తాను దూరిన కన్నాన్ని మూసే నవీకరణ రాకుండా అడ్డుకోవడమే దీని ఎత్తుగడ. ఇతర సైట్లన్నీ తెరుచుకుంటూ నవీకరణ, యాంటీవైరస్ సైట్లు మాత్రమే తెరుచుకోకపోతే వైరస్‌ను అనుమానించాలి.

దోష సంఖ్యలు

నవీకరణ విఫలమైనపుడు విండోస్ ఒక సంఖ్యను చూపుతుంది. దీనిని ముందుగా రాసిపెట్టుకోవాలి. తరచుగా కనిపించేవి:

* 0ఎక్స్80070070 - డిస్కులో చోటు చాలలేదు
* 0ఎక్స్80070422 - నవీకరణకు అవసరమైన సర్వీసు నిలిపివేయబడింది
* 0ఎక్స్80072ఈఈ2 - సర్వరు నుండి గడువులోగా జవాబు రాలేదు
* 0ఎక్స్80072ఎఫ్8ఎఫ్ - భద్రమైన కనెక్షను కుదరలేదు, తరచుగా తేదీ లేదా ధ్రువపత్రం సమస్య
* 0ఎక్స్80073712 - విండోస్ అంగాల భాండారం చెడిపోయింది

పరిష్కార క్రమం

సులువైనవి, హాని లేనివి ముందు చేయడం మంచిది. ప్రతి మెట్టు తరువాత నవీకరణను మరల ప్రయత్నించి చూడాలి. ఒకేసారి అన్నీ మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

1. ముఖ్యమైన ఫైళ్ళకు వేరే డిస్కులో నకలు తీసుకోవాలి.
2. కంప్యూటరును పునఃప్రారంభించాలి. వెనుకటి నవీకరణ పునఃప్రారంభం కోసం ఎదురుచూస్తుంటే కొత్తది ముందుకు సాగదు.
3. తేదీ, సమయం, టైమ్ జోన్ సరిచూడాలి.
4. డిస్కులో కనీసం 10 నుండి 20 జీబీ ఖాళీ చేయాలి. డిస్క్ క్లీనప్ లేదా స్టోరేజ్ సెట్టింగ్స్ ద్వారా తాత్కాలిక ఫైళ్ళను తీసివేయవచ్చు.
5. మీటర్డ్ అమరికను, వీపీఎన్‌ను, ప్రాక్సీని తొలగించి చూడాలి. వీలైతే మరొక కనెక్షనుతో ప్రయత్నించాలి. అప్పుడు పనిచేస్తే దోషం కంప్యూటరుది కాదు.
6. విండోస్‌లో ఉన్న నవీకరణ ట్రబుల్‌షూటరును నడపాలి.
7. నిలువను కొత్తగా ఏర్పరచాలి. సర్వీసెస్ కిటికీలో విండోస్ అప్‌డేట్, బిట్స్ సర్వీసులను ఆపి, సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డరుకు వేరొక పేరు పెట్టి, సర్వీసులను తిరిగి ప్రారంభించాలి. విండోస్ కొత్త ఫోల్డరును తానే సృష్టించుకుంటుంది. సొంత ఫైళ్ళకు నష్టం లేదు. గత నవీకరణల జాబితా మాత్రం తెరపై కనిపించకపోవచ్చు, అవి స్థాపించిన మార్పులు అలాగే ఉంటాయి. అంతా సరిగా సాగిన పిదప పాత ఫోల్డరును తొలగించవచ్చు.
8. చెడిన సిస్టమ్ ఫైళ్ళను బాగుచేయాలి. నిర్వాహకుని హక్కులతో కమాండ్ ప్రాంప్ట్ తెరచి, ముందు డిజమ్ అనే ఉపకరణాన్ని రిస్టోర్ హెల్త్ ఆదేశంతో, తరువాత సిస్టమ్ ఫైల్ చెకరును నడపాలి. డిజమ్ తనకు కావలసిన మంచి ఫైళ్ళను మామూలుగా నవీకరణ సర్వరు నుండే తెచ్చుకుంటుంది. ఆ దారే మూసుకుపోయినపుడు విండోస్ స్థాపన డిస్కును ఆధారంగా చూపవలసి ఉంటుంది.
9. నవీకరణను చేతితో స్థాపించాలి. ప్రతి నవీకరణకు కేబీ అనే అక్షరాలతో మొదలయ్యే సంఖ్య ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ అనే అధికారిక సైటులో ఆ సంఖ్యతో వెతికి, 32 బిట్, 64 బిట్, ఆర్మ్ రకాలలో తగినది ఎంచుకోవాలి. ఇంటర్నెట్ సరిగా లేనిచోట మరొక కంప్యూటరులో దించి పెన్ డ్రైవు ద్వారా తేవచ్చు.
10. ఏదీ ఫలించనపుడు, సొంత ఫైళ్ళను, ప్రోగ్రాములను ఉంచుతూ విండోస్‌ను దానిపైనే తిరిగి స్థాపించాలి. ఇటీవలి విండోస్ 11లో ఇందుకు రికవరీ విభాగంలోనే ఒక మీట ఉంది. మిగిలినవాటిలో మైక్రోసాఫ్ట్ ఇచ్చే స్థాపన ఫైలును వాడాలి.

నవీకరణలోనే లోపం

కొన్నిసార్లు తప్పు వినియోగదారునిది కాదు, కంప్యూటరుదీ కాదు. 2018 అక్టోబరులో విడుదలైన విండోస్ 10 వెర్షన్ 1809 కొందరి సొంత ఫైళ్ళను తుడిచివేయడంతో మైక్రోసాఫ్ట్ దానిని కొద్ది రోజులకే నిలిపివేసి, నవంబరులో తిరిగి విడుదల చేసింది. 2024 జనవరిలో వచ్చిన మరొక నవీకరణ, రికవరీ కోసం కేటాయించిన డిస్కు భాగంలో చోటు చాలక అనేక కంప్యూటర్లలో 0ఎక్స్80070643 దోషంతో ఆగిపోయింది. ఒకే సంఖ్య ఒకే వారంలో చాలామందికి ఎదురైతే, పెద్ద మరమ్మతులకు దిగక మైక్రోసాఫ్ట్ ప్రకటన కోసం కొద్ది రోజులు ఆగడం మేలు.

జాగ్రత్తలు

నవీకరణ కాలేదంటూ బ్రౌజరులో అకస్మాత్తుగా కనిపించే ప్రకటనలు, మైక్రోసాఫ్ట్ నుండి మాట్లాడుతున్నామంటూ వచ్చే ఫోను పిలుపులు మోసాలు. మైక్రోసాఫ్ట్ ఎవరికీ తనంతట ఫోను చేసి మరమ్మతు చేస్తామనదు. అన్ని దోషాలనూ ఒక్క నొక్కుతో సరిచేస్తామనే ప్రోగ్రాములను అపరిచిత సైట్ల నుండి దించుకోరాదు. అనుమతి లేని విండోస్ ప్రతులలో కొన్నిటిని తయారుచేసినవారే నవీకరణ సర్వీసును తొలగించి ఉంచుతారు. అటువంటివాటిని సరిచేయడం కంటే అసలు ప్రతిని స్థాపించుకోవడమే దారి.

మద్దతు ముగిసిన కంప్యూటరును వెంటనే మార్చలేని పాఠశాలలు, గ్రంథాలయాలు దానిపై ఉబుంటు వంటి లినక్స్ పంపిణీని స్థాపించుకోవచ్చు. ఉబుంటు దీర్ఘకాల మద్దతు వెర్షనులకు ఐదేళ్ళ పాటు నవీకరణలు ఉచితంగా లభిస్తాయి. అదీ వీలుకానపుడు ఆ కంప్యూటరును ఇంటర్నెట్‌కు కలపకుండా వాడుకోవడం, బ్యాంకు లావాదేవీలకు వాడకుండా ఉండడం శ్రేయస్కరం.

ఇవి కూడా చూడండి

* మైక్రోసాఫ్ట్ విండోస్
* ఆపరేటింగ్ సిస్టమ్
* కంప్యూటర్ వైరస్
* లినక్స్