చుమ్మా, బోసా, ముద్దు

చుమ్మా అనగానే పెద్దమనుషులు మొహం చిట్లిస్తారు. అది బజారు మాటట. 1991లో 'హమ్' సినిమా పాట దాన్ని ఊరూరా మోగించాక ఆ ముద్ర మరీ గట్టిపడింది. కానీ దాని పుట్టుక చూడండి. చుంబనం ఏ సంస్కృత ధాతువు నుంచి వచ్చిందో చుమ్మా కూడా అక్కడి నుంచే వచ్చింది. ఒకటి కావ్యాలకెక్కింది, ఇంకొకటి గల్లీల్లో మిగిలింది.

బోసా ఫార్సీ మాట. గజల్లో ప్రేయసి పెదవికీ బోసాయే, మక్కాలో హజ్రె అస్వద్‌కూ బోసాయే. కౌగిలి సంగతీ అంతే. ఈద్‌నాడు గలే మిల్నా, తెలంగాణలో దసరానాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్. ఈ మాటల్లో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మరి సిగ్గు ఎక్కడి నుంచి వచ్చింది? ఉర్దూలో ఆడవాళ్ల గొంతుతో, జనానా పలుకుబడిలో సరసాలను దాపరికం లేకుండా చెప్పిన కవిత్వం రేఖ్తీ. రాసింది ఎక్కువగా మగవాళ్లే. రంగీన్ ఆ ఆడమాటలకు అర్థాల పట్టిక కూడా కూర్చాడు. 1857 తర్వాతి సంస్కర్తలకు అదంతా బూతైంది. తెలుగులో ముద్దుపళని 'రాధికా సాంత్వనం'కీ అదే గతి పట్టింది. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయిస్తే 1911లో బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. 1947 దాకా ఆ నిషేధం తొలగలేదు.

విక్టోరియా కాలపు నీతి ఒకటే, కోత పడింది రెండు భాషలకూ. తురక మాట మోటని ఈసడించేవాళ్లూ, శుద్ధ ఉర్దూ పేరిట దక్కనీని వెక్కిరించేవాళ్లూ ఇప్పటికీ ఆ కత్తినే మోస్తున్నారు. మా ఇళ్లలో అమ్మీ పసివాణ్ణి ఎత్తుకుని అడిగే చుమ్మాను బజారుదని వదులుకోవడానికి మేం సిద్ధంగా లేం.