మోటారు కాలిపోకముందే: ఢిల్లీ పరిశ్రమలు ముందస్తు నిర్వహణ నేర్చుకున్న చరిత్ర

పారిశ్రామిక విప్లవం మీద సమాధానం రాయమంటే మనం ఆవిరి యంత్రం, జౌళి మిల్లు, రైలు, విద్యుత్తు అని వరుసగా రాసుకుంటూ పోతాం. ఎవరు కనిపెట్టారో, ఏ సంవత్సరంలో కనిపెట్టారో గుర్తుపెట్టుకుంటాం. కనిపెట్టిన యంత్రం మర్నాడు కూడా తిరిగేలా చూసింది ఎవరన్న ప్రశ్న మన నోట్సులో ఉండదు. ప్రపంచ విద్యుత్ వినియోగంలో 40 శాతానికి పైగా మోటార్లే తీసుకుంటాయి. నీళ్ల ట్యాంకు, లిఫ్టు, పిండిమర, మెట్రో రైలు, రసాయన కర్మాగారం అన్నీ వాటి మీదే నడుస్తాయి. అందుకే ఈ వ్యాసంలో మోటార్లు, వాటిని నడిపే డ్రైవ్‌ల ముందస్తు నిర్వహణను ఢిల్లీ, దాని చుట్టుపక్కల పరిశ్రమల చరిత్రతో కలిపి చూద్దాం. ఇది జీఎస్-1కీ, జీఎస్-3కీ, కొంతవరకు జీఎస్-4కీ పనికొస్తుంది.

ఆవిరి నుంచి కరెంటుకు

1889లో ఢిల్లీ క్లాత్ మిల్స్ మొదలైన నాటికి మిల్లు అంటే ఒక పెద్ద ఆవిరి ఇంజను. దాని శక్తి పొడవాటి షాఫ్టులు, తోలు బెల్టుల ద్వారా ఒక్కో యంత్రానికి చేరేది. ఇంజను ఆగితే మిల్లంతా ఆగేది. అందుకే దానిని కనిపెట్టుకుని ఉండటానికి ప్రత్యేకంగా మనుషులుండేవారు. బాయిలరు పేలితే ప్రాణాలు పోతాయి కాబట్టి ప్రభుత్వమూ కలుగజేసుకుంది. 1923 భారత బాయిలర్ల చట్టం ప్రకారం తనిఖీ చేసి ఇచ్చిన ధ్రువపత్రం లేకుండా బాయిలరు వాడకూడదన్న నియమం ఉండేది. అంటే నిర్ణీత కాలానికి ఒకసారి చూడాలన్న నియమం మన దేశంలో చట్టంగా ముందు బాయిలరుకే వచ్చింది.

ఇదే కాలంలో ఢిల్లీకి కరెంటు వచ్చింది. 1903 విద్యుత్ చట్టం కింద అనుమతి పొందిన జాన్ ఫ్లెమింగ్ కంపెనీ 1905లో పాత ఢిల్లీలోని లాహోరీ గేటు దగ్గర చిన్న డీజిల్ విద్యుత్ కేంద్రం పెట్టింది. తర్వాత అదే ఢిల్లీ ఎలక్ట్రిక్ సప్లై అండ్ ట్రాక్షన్ కంపెనీ అయింది. 1908లో ట్రాములు మొదలయ్యాయి, 1963 దాకా నడిచాయి. ట్రాము మోటారు డీసీ మోటారు. అందులో కార్బన్ బ్రష్‌లు కమ్యుటేటరు మీద రాసుకుంటూ అరిగిపోతాయి. అరిగే వస్తువును కాలం చూసి మార్చాల్సిందే. అందుచేత నిర్వహణ అనేది ఆ మోటారు స్వభావంలోనే ఉంది.

అప్పటికే పాశ్చాత్య దేశాల్లో పరిస్థితి మారింది. 1888లో టెస్లా ఏసీ ఇండక్షన్ మోటారుకు పేటెంట్ పొందాడు. 1889లో డొలివో-డొబ్రొవోల్‌స్కీ మూడు ఫేజుల మోటారును తయారుచేశాడు. 1891లో లౌఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 175 కిలోమీటర్ల దూరం మూడు ఫేజుల విద్యుత్తును పంపి చూపించారు. ఈ మోటారులో బ్రష్‌లు లేవు, తిరిగే భాగానికి తీగ కలపనక్కర్లేదు. మిల్లులో ఒక ఇంజను స్థానంలో యంత్రానికొక మోటారు వచ్చింది. దీంతో ఒకటి పాడైనా మిగతావి నడుస్తాయి. కానీ ఇందులోనే చిక్కు ఉంది. ఒక ఇంజనును అందరూ చూసేవారు, వందల మోటార్లను విడివిడిగా ఎవరూ చూడరు. బాయిలరులా మోటారు పేలదు, అందువల్ల తనిఖీ చట్టమూ దాని దాకా అంతగా రాలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ మోటారుకు కంచె వేయమంది, 22వ సెక్షన్ తిరుగుతున్న యంత్రం దగ్గర పనిచేసేవారికి జాగ్రత్తలు చెప్పింది. మోటారు ఆరోగ్యం మాత్రం చాలావరకు యజమాని ఇష్టానికి వదిలేశారు.

మోటారు ఎందుకు పాడవుతుంది?

మన పల్లెల్లో ‘మోటారు కాలిపోయింది’ అంటాం. నిజానికి అది ఒక్క రోజులో కాలిపోదు. తీగచుట్టల మీది ఇన్సులేషన్ వేడికి నెమ్మదిగా పెళుసుబారుతుంది. పరిమితికి మించి ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగమవుతుందని ఇంజనీర్లు లెక్కవేస్తారు. సాధారణ మోటార్లను 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకు రూపొందిస్తారు. ఢిల్లీలో మే, జూన్ నెలల్లో ఎండ ఆ గీత దాటుతుంది. దానికి దుమ్ము తోడై, చల్లబరిచే రెక్కల మధ్య పేరుకుంటుంది. వర్షాకాలంలో తేమ వైండింగులోకి చేరి ఇన్సులేషన్ నిరోధం తగ్గుతుంది. ఒక ఫేజు పోతే మిగతా రెండు ఫేజుల మీద భారం పడుతుంది. మూడు ఫేజుల వోల్టేజీలో చిన్న తేడా ఉన్నా కరెంటులో తేడా దానికి 6 నుంచి 10 రెట్లు ఉండవచ్చు.

అన్నిటికంటే ఎక్కువగా పాడయ్యేది బేరింగు. గ్రీజు తక్కువైతే అరుగుతుంది, ఎక్కువైతే వేడెక్కుతుంది. వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ డ్రైవ్‌లు వచ్చాక ఇంకో సమస్య చేరింది. షాఫ్టు ద్వారా పారే చిన్న కరెంట్లు బేరింగు ఉపరితలాన్ని గుంటలు చేస్తాయి. డ్రైవ్‌లో ఫ్యాను, ఫిల్టరు, కెపాసిటర్లు కూడా కాలంతో బలహీనపడతాయి. కరెంటు ఆపిన తర్వాత కూడా కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది కాబట్టి వెంటనే మూత తీయకూడదు.

కాబట్టి ముందస్తు నిర్వహణ అంటే పెద్ద విద్యేమీ కాదు. తుడవడం, బోల్టులు బిగించడం, లెక్కగా గ్రీజు పెట్టడం, మెగ్గరుతో ఇన్సులేషన్ కొలవడం, ప్రకంపనలు, ఉష్ణోగ్రత చూడటం, చూసినదాన్ని తేదీ వేసి రాయడం. భారత ప్రమాణాల్లో ఇండక్షన్ మోటార్ల అమరిక, నిర్వహణకు ఐఎస్ 900 అనే నియమావళి ఉంది. కొరత జ్ఞానానిది కాదు, అలవాటుది, బాధ్యతది.

1986: న్యాయస్థానం నిర్దేశించిన నిర్వహణ

ఆ బాధ్యత ఎంత ఖరీదైనదో దేశం 1984 డిసెంబరులో భోపాల్‌లో చూసింది. అక్కడ శీతలీకరణ వ్యవస్థను అంతకు నెలల ముందే ఆపేశారు. మంట గోపురం మరమ్మతు పేరుతో పనిలో లేదు. విషవాయువును కాస్టిక్ సోడాతో కడిగే స్క్రబ్బరు సిద్ధంగా లేదు. రసాయన కర్మాగారంలో రక్షణ అంటే చివరికి ఒక పంపు, దాన్ని తిప్పే మోటారు. అవసరమైన ఆ పది నిమిషాలు అది తిరగకపోతే మిగతా ఏర్పాట్లన్నీ కాగితం మీదే మిగులుతాయి.

ఏడాది తిరిగేసరికి, 1985 డిసెంబరు 4న, ఢిల్లీలో శ్రీరామ్ ఫుడ్ అండ్ ఫెర్టిలైజర్ కర్మాగారం నుంచి ఓలియం వాయువు లీకైంది. తీస్ హజారీ కోర్టు న్యాయవాది ఒకరు మరణించారు. ఎం.సి. మెహతా కేసులో 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ‘సంపూర్ణ బాధ్యత’ సూత్రం మనందరికీ తెలుసు. అదే కేసులో 1986 ఫిబ్రవరి నాటి ఉత్తర్వును మాత్రం చాలామంది చదవరు. కర్మాగారం తిరిగి తెరవడానికి కోర్టు పెట్టిన షరతులు చూస్తే అది అచ్చంగా ఒక నిర్వహణ పట్టిక. ప్రతి రక్షణ పరికరానికి ఒక ఆపరేటరు వ్యక్తిగతంగా బాధ్యుడిగా ఉండాలి. విభాగాధిపతి కూడా బాధ్యుడే. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు కనీసం వారానికోసారి చెప్పకుండా వచ్చి చూడాలి. కార్మికులకు శిక్షణ ఇవ్వాలి.

అంటే సంస్థ బాధ్యత అనే మసక మాటను కోర్టు ఈ పరికరం, ఈ మనిషి అనే స్థాయికి దించింది. 1987లో ఫ్యాక్టరీల చట్టానికి 4-ఎ అధ్యాయం చేరింది. అందులోని 41-హెచ్ సెక్షన్ ప్రమాదం పొంచి ఉందని హెచ్చరించే హక్కును కార్మికుడికి ఇచ్చింది. మోటారు శబ్దం మారిందని ముందు గుర్తించేది దాని పక్కన నిలబడే మనిషే కదా!

గుర్గావ్‌కు వచ్చిన జపాన్ అలవాటు

రెండో పాఠం గుర్గావ్ నుంచి వచ్చింది. సుజుకీ భాగస్వామ్యంతో మారుతి ఉద్యోగ్ తొలి కారు 1983 డిసెంబరు 14న బయటికొచ్చింది. కారుతో పాటు జపాన్ కర్మాగార పద్ధతులూ ఈ ప్రాంతానికి, ఇక్కడి విడిభాగాల సరఫరాదారులకు చేరాయి. జపాన్ 1951లో అమెరికా నుంచి ప్రివెంటివ్ మెయింటెనెన్స్ తెచ్చుకుంది. దాన్ని సెయిచీ నకజీమా ‘టీపీఎం’గా విస్తరించాడు. 1971లో నిప్పన్‌డెన్సో సంస్థ ఆ పద్ధతికి పేరు తెచ్చింది. అందులో కీలకం ఒక్కటే: యంత్రాన్ని నడిపేవాడే దాన్ని తుడిచి, నూనె వేసి, చిన్న లోపం కనిపెట్టాలి. నడపడం నా పని, బాగుచేయడం నీ పని అన్న గోడ తీసేశారు. చేతులకు మసి అంటే పనిని తక్కువగా చూసే మన సమాజంలో ఇది చిన్న మార్పు కాదు.

అతి నిర్వహణ కూడా ముప్పే

ఇక్కడ మరో వైపు కూడా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ కోస్టల్ కమాండ్ విమానాలను పరిశీలించిన శాస్త్రవేత్త వాడింగ్టన్, తనిఖీ అయిన వెంటనే లోపాలు పెరుగుతున్నాయని గమనించాడు. అనవసరంగా విప్పడమే లోపం తెస్తోంది. 1978లో నౌలన్, హీప్ అమెరికా రక్షణ శాఖకు ఇచ్చిన నివేదిక కూడా విమాన భాగాల్లో ఎక్కువ శాతం వయసుతో పాటు పాడవడం లేదని చూపింది. అందుకే నేటి పద్ధతి క్యాలెండరు చూసి విప్పడం కాదు, ముందు కొలిచి అవసరమైతేనే విప్పడం.

2002 డిసెంబరు 24న షాహదరా–తీస్ హజారీ మధ్య మొదలైన ఢిల్లీ మెట్రోను ఈ చరిత్రకు నేటి రూపంగా చూడవచ్చు. పాత ట్రాము మోటారులా బ్రష్‌లు లేని మూడు ఫేజుల ఇండక్షన్ మోటారు, దానికి ఇన్వర్టరు డ్రైవ్. బ్రేకు వేసినప్పుడు అదే మోటారు జనరేటరుగా మారి విద్యుత్తును వెనక్కి ఇస్తుంది. ఈ ఏర్పాటు 2007లో ఐక్యరాజ్యసమితి స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగంలో నమోదైంది. రైలు మనకు పగలు కనిపిస్తుంది, డిపోలో జరిగే తనిఖీ కనిపించదు.

కనిపించని పనికి విలువ

అసలు సమస్య ఇదే. జరిగిన ప్రమాదానికి లెక్క ఉంటుంది, తప్పిన ప్రమాదానికి ఉండదు. కొత్త పంపుహౌసుకు శిలాఫలకం ఉంటుంది, పాత పంపుకు గ్రీజు పెట్టినందుకు ఉండదు. బడ్జెట్లో మూలధన వ్యయాన్ని పొగుడుతాం, నిర్వహణ రెవెన్యూ వ్యయం కాబట్టి ముందు దానికే కోత పెడతాం. పెద్ద కర్మాగారాల్లో పట్టికలు, సెన్సర్లు ఉన్నాయి. ఇరుకు సందుల్లోని చిన్న యూనిట్లలో మోటారు కాలాక రీవైండింగు షాపుకు పంపడమే ఇప్పటికీ నిర్వహణ. 2019 డిసెంబరు 8న అనాజ్ మండీలో అగ్నిప్రమాదం 43 మంది ప్రాణాలు తీసింది. 2024 జూలై 27న ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కోచింగ్ కేంద్రం సెల్లారులోకి వరద నీరు చేరి మనలాంటి ముగ్గురు అభ్యర్థులు మరణించారు. కారణాలు వేరు, మోటారు నేరుగా కారణం కాదు. కానీ రెండు చోట్లా ముందే చూసి ఆపాల్సినవారు చూడలేదు.

రేపు మనలో కొందరు ఫైళ్ల మీద సంతకం పెట్టే స్థానంలో ఉంటారు. అప్పుడు ఈ చరిత్ర నుంచి మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, ప్రతి పరికరానికి ఒక బాధ్యుడి పేరు ఉండాలి. రెండు, నిర్వహణ నిధిని ఇతర పనులకు మళ్లించకుండా విడిగా ఉంచాలి. మూడు, లోపాన్ని ముందుగా చెప్పిన కింది ఉద్యోగిని శిక్షించకుండా వినాలి. మూడింటిలో మూడోదే కష్టం, అది లేకపోతే మొదటి రెండూ రిజిస్టరులో టిక్కులుగా మిగులుతాయి.

సాధన ప్రశ్న: ‘భారత పారిశ్రామిక భద్రతలో లోపం చట్టాలది కాదు, నిర్వహణ సంస్కృతిది.’ 1985 ఓలియం ఉదంతం ఆధారంగా చర్చించండి. (250 పదాలు)