వెబ్‌సైట్ల సుగమ్యత: తెలుగు నాట మూడు దశాబ్దాల చరిత్ర

విశాఖ ఉక్కునగరానికి పొరుగున, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో ఉన్న పరవాడ మండలం సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రానికీ, ఫార్మాసిటీకీ పేరుపొందింది. ప్రభుత్వరంగ సంస్థలో కొలువుకు దరఖాస్తు పెట్టాలన్నా, భూమి రికార్డు చూసుకోవాలన్నా అక్కడి పౌరుడు నేడు వెబ్‌సైటును ఆశ్రయించక తప్పదు. చూపు, వినికిడి, కదలిక, గ్రహణశక్తి వీటిలో ఏ లోపం ఉన్నవారైనా ఇతరుల సాయం లేకుండా ఆ వెబ్‌సైటును వాడుకోగలగడాన్ని సుగమ్యత అంటారు. 2011 జనగణన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22.66 లక్షల మంది వికలాంగులను లెక్కించినందున, ఇది కొద్దిమందికి పరిమితమైన విషయం కాదు.

ప్రపంచంలో ఈ చరిత్ర ప్రమాణాలతో మొదలైంది. వెబ్ సాంకేతిక నియమాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 1997లో సుగమ్యత కోసం ప్రత్యేక విభాగాన్ని ప్రారంభించి, 1999లో తొలి మార్గదర్శకాలను, 2008లో వాటి రెండో రూపాన్ని వెలువరించింది. బొమ్మ దేన్ని చూపుతున్నదో మాటల్లో చెప్పే ప్రత్యామ్నాయ వచనం ఉండాలని, మౌస్ లేకుండా కీబోర్డుతోనే పని జరగాలని, వీడియోలోని మాటలు అక్షరాల్లోనూ కనిపించాలని అవి నిర్దేశించాయి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెబ్‌సైటును వాడలేకపోయిన బ్రూస్ మాగ్వైర్ అనే అంధుడి ఫిర్యాదుపై ఆస్ట్రేలియా మానవ హక్కుల సంఘం దానిని వివక్షగా నిర్ణయించడంతో, ఈ ప్రమాణాల వెనుక చట్టబలం ఉండగలదని లోకానికి తెలిసింది.

తెలుగు విషయంలో అంతకంటే ముందే తీరవలసిన చిక్కు ఒకటుండేది. అంధులు కంప్యూటర్‌ను స్క్రీన్ రీడర్ సాయంతో వాడతారు. తెర మీది పాఠ్యాన్ని గొంతుగా మార్చి వినిపించే ఈ సాఫ్ట్‌వేర్ అక్షరం ఆకారాన్ని కాక, దాని వెనుక ఉన్న సంకేతాన్ని చదువుతుంది. అన్ని భాషల అక్షరాలకూ విడివిడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకు చోటున్నప్పటికీ, తొలినాళ్ల తెలుగు పత్రికల వెబ్‌సైట్లు తమ సొంత ఫాంట్లతో, ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీదే తెలుగు ఆకారాలను పేర్చి నడిచాయి. కంటికి అది చక్కని తెలుగుగా కనిపించినా, స్క్రీన్ రీడర్‌కు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగానే అందేది. విండోస్ ఎక్స్‌పీ 2001లో యూనికోడ్ తెలుగును చూపే గౌతమి ఫాంటును తెచ్చాక, 2003లో తెలుగు వికీపీడియా యూనికోడ్‌లోనే మొదలయ్యాక, పత్రికలు కూడా క్రమంగా ఆ దారి పట్టాయి.

సంకేతం కుదిరాక గొంతు కావలసి వచ్చింది. ఖరీదైన స్క్రీన్ రీడర్ల కాలంలో, 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే అంధ యువకుడు ఆరంభించిన ఎన్‌వీడీఏ ఉచితంగా లభించి పేద విద్యార్థులకు తలుపు తెరిచింది. దానితో వచ్చే ఈస్పీక్ అనే గొంతు తెలుగు కూడా చదువుతుంది. ఐఐటీ మద్రాస్ నాయకత్వంలో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పాల్గొన్న పరిశోధన కూటమి మరింత సహజమైన భారతీయ భాషా స్వరాలను రూపొందించింది.

ఇదే కాలంలో ప్రభుత్వ సేవలు కంప్యూటర్ బాట పట్టాయి. 2001లో ఈ-సేవ, 2011లో మీ-సేవ, 2019లో గ్రామ సచివాలయాలు, 2025లో వాట్సాప్ ద్వారా నడిచే మన మిత్ర వరుసగా వచ్చాయి. వైకల్య ధ్రువపత్రాల కోసం సదరం అనే సాఫ్ట్‌వేర్ ప్రత్యేకంగా ఏర్పడింది. ఈ-సేవ, మీ-సేవ కేంద్రాల్లో కౌంటరు దగ్గర కూర్చున్న ఉద్యోగి చేతుల మీదుగా పని జరగడం వల్ల సౌకర్యం పెరిగింది గానీ, వికలాంగుడు తన వివరాలను తానే చూసుకుని నింపుకునే స్వాతంత్ర్యం దానితోపాటే రాలేదు.

ఆ స్వాతంత్ర్యాన్ని హక్కుగా మార్చింది చట్టం. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని భారత్ 2007లో ధ్రువీకరించింది. ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009లో మార్గదర్శకాలు, 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చాయి. అయితే 2017 నాటి నియమావళిలోని 15వ నియమం ప్రమాణాలను సూచనల స్థాయిలోనే వదిలేసింది. హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వికలాంగుల అధ్యయన కేంద్రం సమర్పించిన నివేదికను పరిశీలించిన సుప్రీంకోర్టు, రాజీవ్ రతూరీ కేసులో 2024 నవంబరు 8న ఆ నియమం చట్టానికి విరుద్ధమని తేల్చి, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించాలని ఆదేశించింది. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న అదే న్యాయస్థానం ప్రకటించింది.

హక్కు స్థిరపడినా పాత చిక్కు పూర్తిగా తొలగలేదు. కాగితాన్ని స్కాన్ చేసి బొమ్మగా పెట్టిన ఉత్తర్వు, పాత ఫాంట్లలో కూర్చి పీడీఎఫ్‌గా మార్చిన తెలుగు ప్రకటన, మనిషో యంత్రమో తేల్చడానికి వంకర అక్షరాలను చూపి వినే మార్గం ఇవ్వని క్యాప్చా పరీక్ష నేటికీ స్క్రీన్ రీడర్‌ను నిలిపివేస్తాయి. వీటిని సరిదిద్దడానికి కొత్త పరిశోధన అవసరం లేదు. తెలుగును యూనికోడ్ పాఠ్యంగానే ప్రచురించడం, ప్రతి బొమ్మకూ వచనం జోడించడం, విడుదలకు ముందు వికలాంగుల చేతనే పరీక్షింపజేయడం చాలు. ప్రతి ప్రభుత్వ శాఖ, ప్రతి పత్రిక, ప్రతి సంస్థ ఈ మూడింటినీ నేడే తమ నియమంగా స్వీకరించాలి.